రాదు, రాదూ: రోడ్డు బోర్డులతో వీధి కళ ఆడే ఆట

క్లుప్తంగా: రోడ్డు బోర్డు మీద చిన్న స్టిక్కర్ అంటించో, గోడరాతలో ఒక అక్షరం మార్చో నవ్వు పుట్టించే కళ చాలా నగరాల్లో కనిపిస్తోంది. అలాంటి ఫొటో ఫోన్లలో తిరిగిన ప్రతిసారీ ఇది కళా, ఆకతాయితనమా, నేరమా అన్న వాదన మొదలవుతుంది. చట్టం చాలా చోట్ల దీన్ని నేరంగానే చూస్తుంది. కానీ రోడ్డు మీద జరిగే నష్టం అన్నిటికీ ఒకేలా ఉండదు. డ్రైవర్ కన్ను బోర్డు మీద నిలిచే ఆ ఒకటి రెండు సెకన్లలో అసలు ఆదేశం చేరిందా లేదా అన్నదే తేడా. ఇప్పుడు ఆ బోర్డులను కార్లలోని కెమెరాలు కూడా చదువుతున్నాయి కాబట్టి లెక్క మరికాస్త మారుతోంది.

ఒక్క దీర్ఘంతో తిరగబడే మాట

‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అన్న గోడరాత చూడని తెలుగువాళ్లు ఉండరు. చివరి ‘దు’కి దీర్ఘమిచ్చి ‘దూ’ చేస్తే చాలు, ‘చేయరాదూ’ అవుతుంది. వద్దన్న మాట కాస్తా ‘చెయ్యొచ్చుగా, మొహమాటమెందుకు’ అన్నట్టు పిలుస్తుంది. దీనికి రంగు డబ్బా కూడా అక్కర్లేదు, బొగ్గుముక్క సరిపోతుంది.

ఇందులో నవ్వు ఎక్కడినుంచి వస్తోంది? ‘ఇచ్చట’, ‘విసర్జన’ అనేవి ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆఫీసు మాటలు. ‘చేయరాదూ’ మాత్రం అచ్చంగా పెరటి గోడ మీదుగా పక్కింటావిడ అనే మాట. ఒకే వాక్యం మున్సిపాలిటీ గొంతుతో మొదలై చుట్టాల గొంతుతో ముగుస్తుంది. రాసిందంతా చెరిపేసి కొత్త బూతు రాసినా ఇంత పండదు. పాత రాత ఉండాలి, దాని పెద్దరికం ఉండాలి, ఆ పెద్దరికం మీదే చిన్న గీత పడాలి. అద్దె ఇళ్ల ముందు ఇంగ్లిష్‌లో వేలాడే ‘టు లెట్’ బోర్డు మధ్య ఖాళీలో ఒక ‘ఐ’ దూరి ‘టాయిలెట్’ కావడమూ ఈ బాపతే. తెలుగు లిపిలో రాసిన టు లెట్‌కి ఆ బెడద లేదు.

రోడ్డు గుర్తులకు ఈ పెద్దరికం ఇంకా ఎక్కువ. 1968 నాటి వియన్నా ఒప్పందం చాలా దేశాల గుర్తులను ఒక దారిలో పెట్టింది. మన దేశంలో రహదారి ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తెచ్చిన ఐఆర్‌సీ 67 కోడ్ అదే పని చేస్తుంది: గుండ్రంగా ఉంటే ఆదేశం, ముక్కోణమైతే హెచ్చరిక, దీర్ఘచతురస్రమైతే సమాచారం. రంగు, కొలత, అంచు మందం అన్నీ ముందే ఖరారై ఉంటాయి. అందుకే బోర్డును ఎవరూ కూర్చుని చదవరు, చూసి గుర్తుపడతారంతే. ఏళ్ల తరబడి ఒకేలా కనిపించి కంటికి ఆనకుండా పోయిన వస్తువు అది. దానిమీద అరచేతంత మార్పు వచ్చినా నడిచేవాడి కన్ను టక్కున ఆగుతుంది. ఈ కళకు మూలధనం కళాకారుడి రంగుల కన్నా, ప్రభుత్వం దశాబ్దాలుగా ఖర్చుపెట్టి నిలబెట్టిన ఏకరూపతే.

ఫ్లోరెన్స్‌లో తెల్లపట్టీ

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ క్లెట్ అబ్రహాం. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో 1966లో పుట్టి ఇటలీలో స్థిరపడిన ఈయన 2010 ప్రాంతంలో ఫ్లోరెన్స్ వీధుల్లోని బోర్డుల మీద స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టారు. ‘నో ఎంట్రీ’ బోర్డులో ఉండేది రెండే, ఎర్రటి గుండ్రం, మధ్యలో అడ్డంగా తెల్లపట్టీ. క్లెట్ ఆ పట్టీని ముట్టుకోరు. దానికింద నల్లటి చిన్న మనిషి బొమ్మ పెడతారు. వెంటనే ఆ పట్టీ బరువైన దూలంలా, ఆ మనిషి దాన్ని మోసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. దారి మూసుకుపోయిందని చెప్పే ‘టి’ ఆకారపు బోర్డు శిలువగా మారి దానిమీద క్రీస్తు వేలాడతాడు.

ఈ స్టిక్కర్లలో రెండు జాగ్రత్తలు కనిపిస్తాయి. మొదటిది, అవి ఊడదీయగలిగేవి. లోహం మీద రంగు పడదు, బోర్డు పాడవదు. రెండోది అసలు సంగతి: ఎర్ర గుండ్రం ఎర్ర గుండ్రంగానే ఉంటుంది, తెల్లపట్టీ అడ్డంగానే ఉంటుంది. యాభై మీటర్ల దూరంలో బండి మీద వచ్చేవాడికి అది నో ఎంట్రీయే. దగ్గరికి నడిచివచ్చినవాడికే బొమ్మ. ఒకే రేకు మీద ఇద్దరు చూపరులకు రెండు వేరు వేరు మాటలు చెప్పడం ఇది. ఆదేశాన్ని చెడగొట్టడం లేదు కదా అన్నదే క్లెట్ వాదన కూడా. అయినా జరిమానాలు తప్పలేదు. అదే నగరానికి వచ్చే పర్యాటకులు ఆయన స్టిక్కర్లు వెతుక్కుంటూ తిరుగుతారు, సాన్ నికోలో పేటలోని ఆయన స్టూడియోలో వాటిని కొనుక్కుని ఇంటికి పట్టుకెళతారు.

ముందు కేసు, తర్వాత కాంట్రాక్టు

కెనడాలోని మాంట్రియల్‌లో రోడ్స్‌వర్త్ అనే పేరుతో పనిచేసిన పీటర్ గిబ్సన్ బోర్డులను వదిలి నేరుగా తారు మీదకే దిగారు. 2001లో మొదట గీసింది సైకిల్ గుర్తులు. నగరంలో సైకిల్ దారులు చాలడం లేదన్నది ఆయన ఫిర్యాదు. తర్వాత కోసిన అచ్చు మీదుగా రంగు చల్లే స్టెన్సిల్ ఆటలు మొదలయ్యాయి. రోడ్డు మధ్య గీత ఒకచోట జిప్పులా తెరుచుకుంటుంది. జీబ్రా క్రాసింగ్ చారలు పెద్ద బూటు అడుగుజాడ అయిపోతాయి.

2004 చివర్లో పోలీసులు పట్టుకుని 53 అభియోగాలు మోపారు. ఊరి జనం, పత్రికలు ఆయన పక్షాన నిలిచాయి. చివరికి పడింది సమాజసేవ శిక్ష. ఆ తర్వాత అదే నగరం డబ్బిచ్చి ఆయనతో రోడ్ల మీద బొమ్మలు వేయించుకుంది. ఈ వరస చాలా దేశాల్లో కనిపిస్తుంది: మొదట చెరిపివేత, తర్వాత కేసు, పేరు వచ్చాక పిలుపు. పాలకుల రుచి మారిపోయిందని దీనికి అర్థం కాదు. ఫొటోలు పర్యాటకులను తెస్తున్నాయని తేలాక లెక్కలు మారాయి. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా గోడల మీద వీధి కళ కోసం పనిచేసే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వేయించిన భారీ బొమ్మలు మొదటినుంచీ అనుమతితో వచ్చినవి, కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. ఆ మాటకొస్తే అనుమతితో వేసిన కుడ్యచిత్రంలో అందం ఉంటుంది గానీ, ‘రాదు’ను ‘రాదూ’ చేసినప్పుడు వచ్చే ఆ చిలిపితనం ఉండటం కష్టం.

ఎవరూ గుర్తుపట్టని కళ

వీటన్నిటికీ పూర్తిగా ఎదురు దిక్కున నిలిచే కథ లాస్ ఏంజెలెస్‌ది. 110 నంబరు ఫ్రీవే మీద ఉత్తరం వైపు వెళ్తుంటే, ఇంటర్‌స్టేట్ 5 అనే మరో హైవేకి మళ్లే దారి ఎడమవైపు హఠాత్తుగా వస్తుంది. పైనున్న పెద్ద ఆకుపచ్చ బోర్డు మీద ఆ ‘5’ గుర్తు లేదు. దాంతో తెలియనివాళ్లు మలుపు దాటిపోతుండేవారు. అలా దాటిపోయినవాళ్లలో రిచర్డ్ ఆంక్రమ్ అనే కళాకారుడు ఒకరు.

ఆయన ఫిర్యాదు రాయలేదు, కొలతలు తీసుకున్నారు. ప్రభుత్వ కోడ్ పుస్తకంలో చెప్పిన సైజులో అల్యూమినియం రేకు కోసి, 5 నంబరున్న డాలు ఆకారపు గుర్తూ ‘నార్త్’ అన్న అక్షరాలూ తయారుచేశారు. పాత బోర్డు ఎండకీ పొగకీ వెలిసిపోయి ఉంది. కొత్త ముక్క మెరిస్తే దొరికిపోతుంది. అందుకని దానిమీద పల్చగా బూడిదరంగు చల్లి ముసలిదాన్ని చేశారు. వెనకవైపు, ఎవరికీ కనబడని చోట, తన సంతకం పెట్టారు. 2001 ఆగస్టు 5న హెల్మెట్, నారింజరంగు కోటు వేసుకుని పట్టపగలే నిచ్చెనెక్కి బిగించి దిగిపోయారు. కింద వేల కార్లు పోతున్నాయి, ఎవరూ ఆపలేదు. రోడ్డు పనివాడి కోటు వేసుకున్న మనిషి కూడా ఒక బోర్డే, చూసేవాళ్లు గుర్తుపట్టి వదిలేస్తారు.

నెలల తర్వాత విషయం బయటికి పొక్కాకే కాలిఫోర్నియా రవాణా శాఖకు తెలిసింది. పరిశీలించి, అంతా సరిగానే ఉందని అలాగే ఉంచేసింది. ఎనిమిదేళ్లు అది జనానికి దారి చూపింది. 2009లో పాత బోర్డు మార్చినప్పుడు కొత్తదాని మీద ఆ 5 గుర్తును శాఖే అధికారికంగా చేర్చింది. ఎవరి కంటా పడకపోవడమే విజయమైన కళాకృతి బహుశా ఇదొక్కటే.

నవ్వు ఎక్కడ ప్రమాదమవుతుంది

2009 జనవరిలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో రోడ్డు పనుల దగ్గర పెట్టే ఎలక్ట్రానిక్ బోర్డులోకి ఎవరో చొరబడి, ముందు జాంబీలున్నాయి (సినిమాల్లో లేచి నడిచే శవాలు) జాగ్రత్త అని అక్షరాలు మార్చేశారు. దేశమంతా నవ్వుకుంది. కానీ పనితీరు చూస్తే క్లెట్ స్టిక్కర్‌కు ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ అసలు ఆదేశం నిలిచి ఉంది, ఇక్కడ పూర్తిగా మాయమైంది. ముందు పని జరుగుతోందని చెప్పాల్సిన బోర్డు ఆ మాట చెప్పడం మానేసింది. జాంబీలు లేవని డ్రైవర్‌కి తెలుసు, తవ్విన గొయ్యి ఉందని మాత్రం తెలియదు.

2023 డిసెంబర్ 22న లండన్‌లోని పెకమ్‌లో జరిగింది మరో రకం. బ్యాంక్సీ అనే ప్రఖ్యాత వీధి కళాకారుడు ఒక కూడలిలో స్టాప్ బోర్డు మీద మూడు డ్రోన్ల బొమ్మలు ఉంచారు. అది తన పనేనని ఆయన ప్రకటించిన కాసేపటికే, జనం ఫోన్లు పట్టుకుని చూస్తుండగానే, ఒక మనిషి బోల్ట్ కట్టర్‌తో బోర్డును ఊడదీసి పట్టుకెళ్లాడు. తర్వాత పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. ఆ కూడలికి మళ్లీ మామూలు స్టాప్ బోర్డు తెచ్చి పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ బొమ్మ ఆదేశాన్ని కప్పలేదు, దాని ధర కప్పేసింది. బ్యాంక్సీ చెయ్యి పడిన రేకు లక్షలు పలుకుతుందని అందరికీ తెలిసిన రోజున అది బోర్డుగా ఒక పూట కూడా నిలవదు.

వేగం లెక్క తీసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బోర్డు మీది చమత్కారం అర్థం చేసుకోవడానికి రెండు సెకన్లు పడితే బండి 34 మీటర్లు ముందుకు పోయినట్టే. నడకదారిలో, ఇరుకు సందులో ఈ రెండు సెకన్లకు ఖరీదు లేదు. హైవే మీద ఉంది.

ప్రభుత్వమే చేసే చమత్కారానికీ ఇది వర్తిస్తుంది. లడఖ్ ఘాట్ రోడ్లలో బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ రాయించిన ‘ఆఫ్టర్ విస్కీ డ్రైవింగ్ రిస్కీ’ తరహా బోర్డులు పర్యాటకులకు ముద్దు. బళ్లు నెమ్మదిగా పోయే మలుపుల్లో అవి సరిపోతాయి. అమెరికాలో మాత్రం ఫెడరల్ హైవే అధికారులు 2023 డిసెంబర్‌లో తెచ్చిన కొత్త నియమావళిలో ఎలక్ట్రానిక్ బోర్డుల మీద జోకులు, సినిమా డైలాగుల తరహా సందేశాలు వద్దన్నారు. అంతకు ముందు 2022లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. టెక్సస్‌లో నెలకు ఒక వారం బోర్డుల మీద రోడ్డు మరణాల సంఖ్య చూపించేవారు. ఆ వారాల్లో, బోర్డు దాటాక 10 కిలోమీటర్ల మేర ప్రమాదాలు 4.5 శాతం పెరిగినట్టు అందులో తేలింది. అవి జోకులు కావు, భయపెట్టే అంకెలు. అయినా డ్రైవర్ బుర్రను పట్టుకుని వదలకపోవడంలో రెండూ ఒకటే.

కెమెరా నవ్వదు

ఇప్పటిదాకా చెప్పిందంతా మనిషి కన్ను గురించి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో వేగ పరిమితిని గుర్తించి డ్రైవర్‌ని హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. బోర్డులను చదివే కెమెరాలు, మ్యాపులు దానికి ఆధారం. క్లెట్ బొమ్మను మనిషి బొమ్మగా, పట్టీని పట్టీగా విడదీసి చూసే తెలివి మనకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. కెమెరా వెనక ఉన్న సాఫ్ట్‌వేర్‌కి అది నేర్పితేనే వస్తుంది.

అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో స్టాప్ బోర్డు మీద నలుపు, తెలుపు స్టిక్కర్ ముక్కలు కొన్ని అంటించారు. మనిషికి అది మురికిపట్టిన స్టాప్ బోర్డులానే కనిపిస్తుంది. వాళ్లు పరీక్షించిన ప్రోగ్రామ్ మాత్రం దాన్ని 45 మైళ్ల వేగ పరిమితి అనుకుంది. 2020లో మెకాఫీ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు 35 అని ఉన్న బోర్డులో 3 అంకె మధ్యగీతను రెండంగుళాల నల్ల టేపుతో పొడిగిస్తే, 2016 నాటి టెస్లా కార్లలోని కెమెరా దాన్ని 85గా చదివింది, కారు వేగం పెంచబోయింది. కొత్త తరం కెమెరాలో ఆ పొరపాటు కనిపించలేదు.

‘దు’ను ‘దూ’ చేసిన బొగ్గుగీతకూ, 3ను 8 అనిపించిన టేపుకూ పనితీరు ఒకటే, ఒక చిన్న గీత అర్థాన్ని తిప్పేయడం. తేడా అల్లా మొదటిదాన్ని చూసినవాడు నవ్వి తన పని తను చూసుకుంటాడు, రెండోదాన్ని చూసిన యంత్రం నమ్మేస్తుంది. ముందుముందు నగరాలు బోర్డు స్టిక్కర్ల మీద ఇంకాస్త కటువుగా ఉండే అవకాశముంది. కళ మీద కోపం కాకపోయినా, బోర్డు చదివే కొత్త పాఠకుడికి హాస్యం తెలియకపోవడం అందుకు చాలు.

మన దగ్గర: గుంతే కాన్వాస్

భారతదేశంలో ఈ కళ బోర్డుల కన్నా గుంతల మీద ఎక్కువ పండింది. 2015 జూన్‌లో బెంగళూరు సుల్తాన్‌పాళ్య రోడ్డు మీద పైపు పగిలి ఏర్పడిన పెద్ద గోతిలో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు చుట్టూ ఆకుపచ్చ నీటి రంగు వేసి, దాదాపు 20 కిలోల బొమ్మ మొసలిని దించారు. ఖర్చు సుమారు 6,000 రూపాయలు. గొయ్యి పూడింది. 2019 సెప్టెంబర్‌లో, చంద్రయాన్ 2 కబుర్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, అదే కళాకారుడు వ్యోమగామి దుస్తులు తొడిగిన నటుణ్ని గుంతల రోడ్డు మీద మెల్లగా నడిపించి వీడియో తీయించారు. చంద్రుడి నేల అనుకున్నది పక్కనుంచి ఆటో పోయేదాకా రోడ్డని తెలియదు. వీడియో ఊరంతా తిరిగాక నగరపాలక సంస్థ యంత్రాలు అక్కడికి చేరాయి.

ఫిర్యాదు చేస్తే కదలనిది మొసలిని చూసి ఎందుకు కదిలింది? ఫిర్యాదు ఒక ఫైలు, ఫైలుకు ఫొటో ఉండదు. మొసలికి ఉంది, దాన్ని జనం తమంతట తామే పంచుకుంటారు. ఇక్కడ కళ చేసిన పని గుంతను అందరి కంటికీ ఆనేలా చేయడమే. ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. వానాకాలంలో బురదగుంటలైన రోడ్ల మీద వరినాట్లు వేసి నిరసన తెలపడం రెండు రాష్ట్రాల్లోనూ ఏటా చూసేదే. పార్టీ ఏదైనా, ప్రతిపక్షంలో ఉన్న ఏడాది నాట్లు వేస్తుంది.

బోర్డుల విషయంలో మన చట్టం సూటిగానే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ట్రాఫిక్ గుర్తును కావాలని తొలగించినా, మార్చినా, పాడుచేసినా కుదరదంటుంది. ట్రాఫిక్ గుర్తును కనబడకుండా చేసే ప్రకటనను తీయించే అధికారాన్ని పోలీసులకు ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఇక వాస్తవానికొస్తే, మన కూడళ్లలో దారి చూపే బోర్డును కప్పేది కళాకారుడి స్టిక్కర్ కాదు. హాస్టల్ నంబర్ల కాగితాలు, కోచింగ్ సెంటర్ ర్యాంకుల పోస్టర్లు, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు. వాటిలో చమత్కారం లేదు, ఊరి పేరును కప్పేయడంలో మాత్రం ఏ లోటూ ఉండదు.

జనం తమంతట తాము పెట్టుకునే బోర్డు ఒకటి వీటన్నిటికన్నా పాతది. మూత పోయిన మ్యాన్‌హోల్‌లో ఎవరో నిలబెట్టిన వేపకొమ్మ, దానికి కట్టిన ఎర్రగుడ్డ ముక్క. ఐఆర్‌సీ కోడ్‌లో దానికి ఆకారం లేదు, కొలత లేదు, పెట్టినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. చీకట్లో బైకు మీద వచ్చేవాళ్లు మాత్రం దాన్ని చూడగానే హ్యాండిల్ పక్కకు తిప్పుతారు.